నడిచే చుక్కకి ఆల్‌రైట్ సిగ్నల్

మేడ మీద మాట: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ సైన్సు టీచరు జవాబులు

కిందటి సంచికలో కార్తీక దీపాల గురించీ, కృత్తికల గురించీ రాస్తూ చివర్లో ఓ మాట అన్నాను. అంతరిక్ష కేంద్రం కూడా మన మేడల మీంచి మామూలు కంటికి కనిపిస్తుంది, దుర్భిణీ అక్కర్లేదు అని. రాసింది రెండే వాక్యాలు. కానీ ఈ శీర్షిక మొదలయ్యాక దేనికీ రానన్ని ఉత్తరాలు వాటికి వచ్చాయి. రాయగడ నుంచి, జయపురం నుంచి, మా పర్లాకిమిడి నుంచి, వంశధార ఒడ్డునున్న కాశీనగర్ నుంచి. అందుకే ఈసారి గ్రహణాల ప్రశ్నలూ పంచాంగం ప్రశ్నలూ పక్కన పెట్టి, చోటంతా వీటికే ఇచ్చాను. నాలుగో ఉత్తరం చదివాక రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. దాన్ని చివరికి ఉంచాను.

ప్రశ్న: టీచరు గారూ, నేను ప్లస్ టూ రెండో సంవత్సరం చదువుతున్నాను. మొన్న సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తుంటే నైరుతి మూల నుంచి పెద్ద చుక్క ఒకటి పైకి లేచింది. మిణుకు మిణుకు లేదు, చప్పుడు లేదు. నడినెత్తి దాటి కొంచెం దూరం పోయాక, మబ్బు తునక కూడా లేని ఆకాశంలో ఆరిపోయింది. నా స్నేహితుడు అది పేలిపోయిందన్నాడు. ఏమై ఉంటుంది? దాన్ని సరిగ్గా చూడాలంటే ఎంతలో టెలిస్కోప్ కొనాలి?
— ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: బాబూ, నువ్వు రాసిన గుర్తులన్నీ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానివే. విమానమైతే ఎర్రదీపం, పచ్చదీపం మినుకుతూ పోతాయి. ఉల్క రెప్పపాటులో రాలిపోతుంది. శుక్రుడికి అంత వెలుగూ ఉంటుంది గానీ అతను నీ కళ్లెదుట అలా నడవడు. ఈ మధ్య గూడ్సు బండి పెట్టెల్లా వరసగా పోయే చుక్కల బారు చూసి చాలామంది కంగారుపడుతున్నారు, అవి ఇంటర్నెట్ కోసం పైకి పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు. చైనా వాళ్ల అంతరిక్ష కేంద్రం తియాన్‌గోంగ్ కూడా మనకి కనిపిస్తుంది గానీ, అది చిన్నది, వెలుగూ తక్కువ. ఒంటరిగా, నిలకడగా, శుక్రుడితో పోటీపడే కాంతితో పడమటి వైపు నుంచి తూర్పు వైపుకి నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటిపోయేది ఇదే.

ఆ వెలుగు దాని సొంత దీపాలది కాదు. ఆ చివర నుంచి ఈ చివరకి 109 మీటర్ల పొడవున్న కట్టడం అది. బరువు సుమారు 420 టన్నులు. దాని రెక్కలూ ఒళ్లూ మీద పడిన ఎండే మనకి చుక్కలా కనిపిస్తుంది. 

ఇప్పుడు ఆరిపోవడం సంగతి. మీ రాయగడ చుట్టూ కొండలే కదా. సాయంత్రం బజారులో దీపాలు వెలిగాక కూడా కొండ కొసన కాస్త ఎండ మిగిలి ఉండడం నువ్వు చూసే ఉంటావు. కింద ఉన్నవాడికి పొద్దు గూకింది, పైన ఉన్నవాడికి ఇంకా గూకలేదు. ఆ కొండని 400 కిలోమీటర్ల ఎత్తుకి పెంచి చూడు. స్టేషన్ ఉన్నది ఆ ఎత్తులో. మనకి చీకటి పడ్డాక కూడా దానికి ఎండ ఉంటుంది, అందుకే కనిపిస్తుంది. సూర్యుడు మన దిగంతం కిందికి 20 డిగ్రీలు దిగితే నడినెత్తిన ఉన్న స్టేషన్‌కి కూడా పొద్దు గూకుతుంది. మన ప్రాంతంలో అలా దిగడానికి గంటా ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది. కాబట్టి సాయంత్రం సుమారు గంటన్నర, తెల్లవారుజామున మళ్లీ అంతే. నడిరాత్రి అది మన మీంచి పోయినా, నీడలో పోతుంది గనక మనకి తెలియదు.

నువ్వు చూసిన రోజున అది ఎండలో బయల్దేరి, నీ నెత్తి దాటాక భూమి నీడలోకి వెళ్లింది. ఏమీ పేలలేదు. చంద్రగ్రహణం నాడు చంద్రుడి మీద పడేది ఈ నీడే. దాని కోసం నెలల తరబడి ఎదురుచూస్తాం. ఆ నీడ అంచు ఆకాశంలో ఎక్కడుందో నువ్వు ట్యూషన్ సంచీ భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడి చూశావు. చాలామంది స్టేషన్ పైకి వచ్చేదాకా చూసి, "చూసేశాం" అని కిందికి దిగిపోతారు. నేను ముప్ఫై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పాను, నాకు మాత్రం అసలు పాఠం ఆ ఆరిపోయే చోటే ఉందనిపిస్తుంది. తెల్లవారుజామున ఇది తిరగబడుతుంది. ఏమీ లేని ఆకాశం మధ్యలో చుక్క పుట్టుకొచ్చి నడవడం మొదలుపెడుతుంది.

టెలిస్కోప్ కొనకు. సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకి పైగా పరిగెత్తేదాన్ని కొత్తవాళ్ల చేతిలో టెలిస్కోప్ పట్టుకోలేదు. మన ఒడిశాలోనే ఖండపడాలో 1835లో పుట్టిన పఠాణీ సామంత అనే ఖగోళవేత్త ఉన్నారు. వెదురు పుల్లలతోనూ గొట్టాలతోనూ తానే పరికరాలు చేసుకుని, వట్టి కంటితో గ్రహాల లెక్కలు కట్టారు. భువనేశ్వర్‌లో నక్షత్రశాలకి ఆయన పేరే పెట్టారు. ఆ డబ్బుతో భువనేశ్వర్ వెళ్లి ఆ నక్షత్రశాల చూసి రా.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివి ఫోన్లో వెతికాను. ఒక సైట్లో మధ్యాహ్నం 12:38కి కనిపిస్తుందని ఉంది. పట్టపగలు ఎలా కనిపిస్తుంది? ఇంకో సైట్లో ఊరు ఎంచుకోమంటే జాబితాలో పర్లాకిమిడి లేదు. బరంపురం పెట్టాలా, అటు ఆంధ్రలో పాతపట్నమో శ్రీకాకుళమో పెట్టాలా?
— బట్టల దుకాణం యజమాని, పర్లాకిమిడి

జవాబు: ఆ 12:38 గ్రీనిచ్ సమయం. దానికి ఐదున్నర గంటలు కలపండి, సాయంత్రం 6:08 అవుతుంది. ఈ మార్గశిరంలో మనకి ఐదుంబావుకే పొద్దు గూకుతోంది గనక 6:08 అంటే చక్కటి వేళ. హైదరాబాదులో ఉన్న మీ బంధువుల కంటే మనకి ఇరవై నిమిషాల పైచిలుకు ముందే చీకటి పడుతుంది, కాబట్టి వాళ్లు పంపిన వాట్సాప్ సమయాలు నమ్ముకోకండి. సైట్లో మన చోటు పెడితే గడియారం కూడా మన దేశానిది చేసుకుందో లేదో ఒకసారి చూసుకోండి. నాసా వారి 'స్పాట్ ది స్టేషన్', అంతకంటే పాతదైన 'హెవెన్స్ అబవ్', రెండూ ఉచితమే.

ఊరి సంగతికొస్తే, పాతపట్నం పెట్టుకోండి, ఏమీ తేడా రాదు. పైనున్నది 400 కిలోమీటర్ల ఎత్తున. మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డున నిలబడ్డా ఆ ఒడ్డున నిలబడ్డా ఒకటే. రేషన్ కార్డుకీ పిల్లల సర్టిఫికెట్లకీ ఏ రాష్ట్రం అన్నది పెద్ద విషయం అవుతుంది గానీ దీనికి కాదు. బరంపురం పెడితే మాత్రం కాస్త తేడా ఉంటుంది. అది మనకి దాదాపు వంద కిలోమీటర్లు గనక సమయంలో పది పన్నెండు సెకన్లూ, ఎత్తులో పది పదిహేను డిగ్రీలూ మారొచ్చు. నెత్తి మీదికి వచ్చేది కాస్త పక్కగా కనిపిస్తుంది, అంతే.

డిగ్రీలు కొలవడానికి చెయ్యి బారెడు చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పోతే తొమ్మిది పిడికిళ్లకి నడినెత్తి వస్తుంది. పట్టికలో 40 డిగ్రీల కంటే ఎక్కువ ఎత్తు చూపించినవే ఎంచుకోండి. తక్కువ ఎత్తువి మీ వీధిలో మూడంతస్తుల ఇళ్ల వెనకే పోతాయి. అది నైరుతి నుంచి ఈశాన్యానికి పోయే రోజున మహేంద్రగిరి వైపు చూడండి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోయే రోజున సముద్రం వైపు. కొన్ని రోజులు వరసగా సాయంత్రాలు వస్తుంది, తర్వాత కొన్నాళ్లు అసలు రాదు, ఆ తర్వాత తెల్లవారుజాముకి మారుతుంది. కనిపించలేదని విసుక్కోకండి.

ప్రశ్న: అమ్మా, మా మనవలు రోజూ డాబా ఎక్కి ఆ స్టేషన్ చూస్తున్నారు. నాకు భయంగా ఉంది. మా చిన్నప్పుడు అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడిపోతుందని ఎంత గోల అయిందో గుర్తుంది. ఇదీ అలాగే పడుతుందా?
— ఒక గృహిణి, జయపురం

జవాబు: అమ్మా, ఆ రోజులు నాకూ గుర్తున్నాయి. 1979 జూలై. నేను పదో తరగతిలో ఉన్నాను. మా మేనత్త డబ్బాలో దాచిన అప్పడాలూ వడియాలూ అన్నీ ఒక్క మధ్యాహ్నంలో వేయించి వీధి పిల్లలందరికీ పెట్టేసింది. మిగిల్చి ఏం చేసుకుంటాం అంది. ఆ సాయంత్రం మా నాన్న రేడియో చుట్టూ పెరటి నిండా జనం. మీ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఆ రోజు మాకు విషయం విడమరిచి చెప్పే మనిషి లేక అంత భయపడ్డాం. సైన్సు టీచరు కావాలని నాకు మొదటిసారి అనిపించింది ఆ పెరట్లోనే.

స్కైలాబ్ 1973లో ఎగిరింది. బరువు 77 టన్నులు. తనంతట తాను మళ్లీ పైకి లేచే ఏర్పాటు దానికి లేదు. సూర్యుడు అనుకున్నదానికంటే చురుగ్గా ఉండి పై గాలి పొర ఉబ్బింది, ఆ గాలి రాపిడికి అది కిందికి జారింది. జూలై 11న హిందూ మహాసముద్రం మీదా, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కలా ముక్కలు రాలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఊరి పంచాయతీ, తమ నేల మీద చెత్త వేసినందుకు నాసాకి 400 డాలర్ల జరిమానా రాసింది.

ఇప్పటి స్టేషన్ కూడా రాపిడికి కొంచెం కొంచెం జారుతూనే ఉంటుంది. కానీ దానికి తగిలించి ఉన్న నౌకల ఇంజన్లు వెలిగించి, అప్పుడప్పుడు మళ్లీ పైకి నెడుతుంటారు. పని అయిపోయాక దాన్ని దానంతట పడనివ్వరు. 2030 తర్వాత ప్రత్యేకంగా ఒక నౌకని తగిలించి, మనుషులు లేని దక్షిణ పసిఫిక్ నీళ్లలోకి దించాలన్నది నాసా నిర్ణయం. అంటే మీ మనవలకి దాన్ని చూడడానికి ఇంకా కొన్నేళ్లే ఉన్నాయి. ఒక సాయంత్రం మీరూ వాళ్లతో డాబా ఎక్కండి, మోకాళ్లు సహకరిస్తే.

ప్రశ్న: టీచరు గారికి నమస్కారాలు. మా నాన్నగారు నౌపడా–గుణుపురం చిన్న రైలు మార్గంలో పాయింట్స్‌మన్‌గా (బండికి పట్టాలు మార్చే పని) చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 82 ఏళ్లు. మా అబ్బాయి ఫోన్లో టైము చూసి ఆయనకి అంతరిక్ష కేంద్రం చూపించాడు. "స్టేషన్ కదలడమేట్రా, బండి కదలాల గానీ" అన్నారు మొదట. రెండోసారి వాచీ పట్టుకుని నిలబడ్డారు. రాసిన నిమిషానికే వచ్చింది. అప్పట్నుంచి వదలట్లేదు. రిటైరైన రోజున తోటివాళ్లు గుర్తుగా ఇచ్చిన పాత చేతిదీపం అటక మీంచి దింపి, తుడిచి, పచ్చ అద్దం తిప్పి, అది నెత్తి మీదికి వచ్చేసరికి ఆల్‌రైట్ చూపిస్తున్నారు. "గార్డు తిరిగి చూపించాల. చూపించట్లేదు" అని బాధపడుతున్నారు. వీధిలో పిల్లలు నవ్వుతున్నారు. నాకు నవ్వు రావట్లేదు. అందులో నిజంగా మనుషులున్నారా? ఆ దీపం వాళ్లకి కనిపిస్తుందా? కనిపించకపోతే ఆయనకి ఎలా చెప్పను?
— ఒక కూతురు, కాశీనగర్

జవాబు: అమ్మా, ముందు ఆల్‌రైట్ అంటే తెలియని పాఠకులకి ఒక మాట చెప్పనివ్వు. ఆగకుండా పోయే బండి స్టేషన్ దాటుతుంటే ప్లాట్‌ఫాం మీదున్న మనిషి పగలైతే పచ్చజెండా, రాత్రయితే పచ్చదీపం చూపిస్తాడు. బండిలోంచి డ్రైవరూ, వెనక పెట్టెలోంచి గార్డూ తిరిగి పచ్చే చూపిస్తారు. నీ బండి బాగానే ఉంది, నా వైపూ అంతా బాగుంది అని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడం అది. నా చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరికి ఆ చిన్న బండిలోనే వెళ్లేవాళ్లం. నిద్ర కళ్లకి కిటికీలోంచి ఒక పచ్చ వెలుగు వచ్చి వెనక్కి పోయేది. దాని వెనక ఒక మనిషి నిలబడి ఉంటాడని అప్పుడు తెలియదు. ఎన్ని రాత్రులు అలా నిలబడ్డారో మీ నాన్నగారు.

మనుషులున్నారు. 2000 నవంబరు 2న మొదటి ముగ్గురు అందులో అడుగుపెట్టారు. ఆ రోజు నుంచి ఇంతవరకూ ఒక్క రోజు కూడా అది ఖాళీగా లేదు. మామూలుగా ఏడుగురు ఉంటారు. 2025 జూన్ 26న మన శుభాంశు శుక్లా అందులోకి వెళ్లి 18 రోజులు ఉన్నారు, హామ్ రేడియోలో మన దేశపు పిల్లలతో మాట్లాడారు కూడా. సునీతా విలియమ్స్ ఎనిమిది రోజులని వెళ్లి 286 రోజులకి తిరిగి వచ్చారు. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన ఇంజనీరు కొడుకు రాజా చారి 2021 నవంబరు నుంచి ఆరు నెలలు ఉండి వచ్చారు. నెత్తి మీదికి వచ్చినప్పుడు వాళ్లు మీ మేడకి నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. మీ కాశీనగర్‌కి విజయవాడ అంతకంటే దూరం. ఇది నాన్నగారికి రైలు లెక్కలో చెప్పు, నీకంటే నాకంటే బాగా అర్థమవుతుంది.

దీపం మాత్రం వాళ్లకి కనిపించదమ్మా. ఈ మాట రాయడానికే రెండు రోజులు పట్టింది. జీవితమంతా సిగ్నల్ నిజమా కాదా అన్న దాని మీద బతికిన మనిషికి అబద్ధపు సిగ్నల్ ఇవ్వకూడదు, అందుకని ఉన్నదే రాస్తున్నాను. మనకి ఆ చుక్క కనిపిస్తున్నంతసేపూ వాళ్లు ఎండలో ఉంటారు. ఎండలో ఉన్నవాడికి, చీకటి పడుతున్న నేల మీద ఒక్క వత్తి వెలుగు అంత దూరం నుంచి అందదు. ఆయన చెయ్యి తప్పు కాదు, దీపం తప్పు కాదు.

అయితే నేల మీంచి చూపిన వెలుగుకి పైనుంచి జవాబు రానే రాలేదనుకోకు. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ అనే అమెరికన్ ఒంటరిగా భూమి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నడిరాత్రి ఆస్ట్రేలియా మీంచి పోయేటప్పుడు అతనికి కనిపించాలని పెర్త్ ఊరి జనం ఇంటింటా దీపాలు ఆర్పకుండా ఉంచారు. కొందరు పెరట్లో తీగల మీద తెల్ల దుప్పట్లు ఆరేసి, వాటి మీదికి దీపాలు తిప్పారు. గ్లెన్‌కి ఆ వెలుగు కనిపించింది. దీపాలు వేసినందుకు అందరికీ థాంక్స్ చెప్పండని రేడియోలో చెప్పాడు. అది గార్డు తిరిగి చూపించిన ఆల్‌రైట్ కాకపోతే మరేమిటి? 

ఇంకొకటి ఇటీవలిది. 2012 మార్చిలో అమెరికాలో శాన్ ఆంటోనియో దగ్గర కొందరు ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు ఒకచోట చేరి, పెద్ద పెద్ద సెర్చ్‌లైట్లతోనూ ఒక వాట్ నీలి లేజర్‌తోనూ ఈ స్టేషన్‌కే సైగ చేశారు. లోపలున్న డాన్ పెటిట్ అనే వ్యోమగామి దాన్ని చూశారు, ఫోటో తీశారు. ఆయనకి ముందుగా కబురు ఉంది, ఎప్పుడు ఎటు చూడాలో లెక్క కట్టి పెట్టుకున్నారు. అంటే బండి వదిలే ముందు పక్క స్టేషన్ నుంచి తీసుకునే అనుమతి, లైన్ క్లియర్, ముందే తీసుకున్నట్టు. సెర్చ్‌లైట్లు కూడా ఎనభై కోట్ల క్యాండిల్ పవర్‌వి. ఎంత వెలుగైతే వాళ్లకి అందుతుందో దీన్ని బట్టి నాన్నగారు లెక్క వేసుకోగలరు. ఇది చదివి ఏ పిల్లవాడైనా సంతలో కొన్న లేజర్ టార్చి ఆకాశం మీదికి వేస్తే మాత్రం నేను ఒప్పుకోను. విమానం నడిపేవాళ్ల కళ్లకి అది ప్రమాదం, నేరం కూడా.

మన నేల మీది దీపాలు వాళ్లకి రాత్రి వేళల్లో బాగానే కనిపిస్తాయి. స్టేషన్ అడుగున ఏడు అద్దాలున్న ఒక చిన్న గది ఉంది, 2010లో బిగించారు. తీరిక దొరికితే అక్కడ చేరి కిందికి చూస్తారు. భారత్–పాకిస్తాన్ సరిహద్దు మీది దీపాల వరస నారింజ రంగు గీతలా వాళ్ల ఫోటోల్లో వచ్చింది. దీపాలు వేశారు గనక ఆ సరిహద్దు కనిపించింది. మనకీ పాతపట్నానికీ మధ్య అలాంటి వరస లేదు, ఊళ్ల వెలుగులే ఉన్నాయి. ఆ వెలుగుల్లో కాశీనగర్‌దీ ఒకటి. అందులో మీ ఇంటి బల్బుదీ ఓ పాలు ఉంది.

ఇప్పుడు ఆయనకి చెప్పాల్సిన అసలు మాట. పాయింట్స్‌మన్‌కి ఆల్‌రైట్ చూపించడంతో పని అయిపోదు. బండి పూర్తిగా దాటిందో లేదో, చివరి పెట్టెకి ఎర్రదీపం ఉందో లేదో చూడాలి. అది కనిపించాకే బండి మొత్తం వెళ్లిందని పక్క స్టేషన్‌కి చెప్తారు. మధ్యలో పెట్టె విడిపోయి దారిలో నిలబడిపోలేదని దానివల్లే తెలుస్తుంది. ఇది నాకు రైల్వేలో పనిచేసిన మా పెదనాన్న చెప్పాడు. ఆయన ఊళ్లో పెళ్లి ఊరేగింపు పోతున్నా చివరి మనిషిదాకా చూసేవాడు.

స్టేషన్ నెత్తి దాటాక మీ నాన్నగారు దీపం దించేసి కిందికి వచ్చేస్తున్నారేమో అడుగు. దించనీ, గానీ అక్కడే నిలబడమను. సాయంత్రం వేళ అది భూమి నీడలోకి వెళ్లబోయే ముందు కొన్ని సెకన్లపాటు రంగు మారుతుంది. ఆ క్షణాన లోపలివాళ్లకి పొద్దు గూకుతోంది. వాళ్ల మీద పడే చివరి ఎండ మన గాలి పొరని ఏటవాలుగా చీల్చుకుని వెళ్లాలి. సాయంత్రం సూర్యుణ్ణి ఎర్రగా చేసేది ఏ గాలో, ఆ ఎండని ఎర్రబరిచేదీ ఆ గాలే. తెల్లటి చుక్క పసుపవుతుంది, నారింజవుతుంది, వత్తి దించిన లాంతరులా మసక ఎరుపై పోతుంది. భగ్గుమనే ఎరుపు అనుకోవద్దు, చాలా సన్నని మార్పు. బైనాక్యులర్ ఎవరైనా ఇస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కానీ రాత్రి పూట మైలు దూరాన టెయిల్ ల్యాంపు పోల్చుకున్న కళ్లు ఆయనవి. కంటి ఆపరేషన్ అయి ఉన్నా సరే, రంగు పోల్చడంలో ఆయన్ని నేను నమ్ముతాను.

రెండు జాగ్రత్తలు. పచ్చదీపం కళ్లకి ఎదురుగా పట్టుకుంటే చూపు చెదురుతుంది, నడుము కిందికి పట్టుకోమను. పట్టికలో స్టేషన్ ఏ దిక్కున, ఏ ఎత్తులో, ఎన్ని గంటలకి మాయమవుతుందో కూడా రాసి ఉంటుంది. మీ అబ్బాయిని అది ముందే కాగితం మీద రాసి ఆయన చేతికివ్వమను. చలి ఎక్కువగా ఉంది, మఫ్లర్ మరిచిపోవద్దు. నవ్వే పిల్లల్ని కూడా మేడ మీదికి పిలిచి, వాచీ ఒకడికి, బైనాక్యులర్ ఒకడికి ఇచ్చి పని అప్పజెప్పు.

ఎర్రదీపం కనిపించిందో లేదో నాకు ఆయన చేతే రాయించమ్మా. తేదీ, గంట, నిమిషం, దిక్కుతో సహా, డ్యూటీ పుస్తకంలో రాసినట్టు.